పని నేర్చుకొనుటలో మనస్సు పాలు



తెల్లవారకమునుపే మా మునగపాక రోడ్డుమీద కంపెనీల బస్సులు వచ్చి నిలుచును. అనకాపల్లినుండి అచ్యుతాపురము పోవు ఈ త్రోవ నా చిన్ననాట చెరకుబండ్ల త్రోవ. ఇప్పుడు అదే త్రోవప్రక్కను అన్నపు క్యారేజీలు చేతబట్టుకొని ఆడపిల్లలును మగపిల్లలును గుంపులుగా నిలిచియుందురు. అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలిలో బట్టలు కుట్టు కర్మాగారములు కలవు. మందులు చేయు కర్మాగారములు కలవు. పరవాడ వైపున ఫార్మా సిటీ కలదు. మన పిల్లలు అచ్చట పని చేయుచున్నారని చెప్పుటకంటె, ముందుగా అచ్చట పని నేర్చుకొనుచున్నారని చెప్పుట సరియైన మాట. ఆ నేర్చుకొను దినములను గూర్చి నాలుగు మాటలు మనవి చేయవలెనని నా తలంపు.

నేను యంత్రములెరిగినవాడను కాను. ముప్పదియేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన పండితుడను. కాని చెరకు రసమైనను, వ్యాకరణమైనను, కుట్టుమిషనైనను, నేర్చువాడొకడు, నేర్పువాడొకడు ఉండుట సర్వత్ర సమానమే గదా. అందుచేత ఈ విషయమున నాకును కొంచెము చనవు కలదనుకొందును.

మన యూళ్లలో బెల్లపుపని ఎట్లు నేర్చుకొనిరో తలచుకొనుడు. గానుగాడిన రసమును పెద్ద పెనమున పోసి, చెరకు పిప్పి మంటపెట్టి కాచుదురు. కొంచెము సున్నము వేసి, పైకి తేలిన మడ్డిని తీసివేయుదురు. నురుగు రంగు మారును. బుడగ పరిమాణము మారును. చట్టము జారు తీరు మారును. పాకమును చల్లని నీటిలో వేసి వ్రేళ్లతో చూచి, దింపవలసిన క్షణమును నిశ్చయింతురు. ఒక్క నిమిషము ముందైన దిమ్మ కట్టదు. ఒక్క నిమిషము తరువాతనైన మాడు వాసన వచ్చి అనకాపల్లి మార్కెట్టులో ధర పడిపోవును. ఈ విద్యకు పుస్తకము లేదు. కుర్రవాడు మొదటి యేడు పిప్పి అందించును. రెండవయేడు మడ్డి తీయును. పాకము చూచు చోటికి వచ్చుసరికి మూడు నాలుగు కాలములు గడచును. ఈలోపల వాడు తిట్లు తినలేదా? కడుపునిండ తినెను. మా గానుగల దగ్గర వినిపించు తిట్లు రేడియోలో చెప్పదగినవి కావు.

అయినను వాడు పారిపోలేదు. ఏమి కారణము? తిట్టిన నోరే రాత్రి ‘అన్నానికి రారా’ యని పిలిచెడిది. తిట్టినవాడు మేనమామయో, పెదనాన్నయో. పగలు పెనముకడ కలిగిన నొప్పికి రాత్రి విస్తరికడ మందు దొరికెడిది. వాడు పాకము పాడుచేసిన, ఒక పెనము నష్టము. కాని వాడు ఆ యింటివాడు కాకపోవుట యనునది లేదు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేయు కుటుంబములయందును ఇదే పద్ధతి. అంకుడుకొయ్య తిరుగుచుండగా లక్క ఆ రాపిడి వేడికి కరగి అంటుకొనుట ఆ యింటి బిడ్డ మాటలు నేర్చుకొను వయస్సుననే చూచుచుండును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. వృక్షజాతి రంగులతో ఆ పనికి మరల ప్రాణము పోసిన శ్రీ సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. గౌరవము వారిది, ఆ గౌరవమునకు పునాదిగా నున్న నేర్పు మాత్రము ఇంటి నడవలో కలిగినది.

కర్మాగారమున ఆ నడవ లేదు. తిట్టిన మనిషి సాయంకాలము ఆరు గంటలకు తన దారిని తాను పోవును. పిల్ల తన బస్సెక్కును. మధ్య అతుకు వేయువారుండరు. ఈ భేదమును నేను చాల ఆలస్యముగా గ్రహించితిని. గ్రహించుటకు ముందు ఒక పిల్లకు అపకారము చేసితిని. అది చెప్పకున్న ఈ ప్రసంగము మీకు చేయుటకు నాకు అర్హత లేదు.

కొన్నియేండ్ల క్రిందటి మాట. నాయొద్ద తెలుగు చదివిన బాలిక యొకతె ఇంటర్మీడియెట్ ముగించి, దూరపుటూరిలోని యొక బట్టల కర్మాగారమున శిక్షణకు చేరినది. తండ్రి గానుగల కాలమున పాకము పట్టువాడు, తక్కిన దినములలో కూలి. తల్లి లేదు; నాయనమ్మ పెంచినది. పదమూడవనాడు ఆ పిల్ల సంచి సర్దుకొని యింటికి వచ్చినది. తండ్రి మా యరుగుకడకు వచ్చి, “మేస్టారూ, దానికి పని రాలేదంటండి. మీరే ఓ మాట సెప్పండి” యనెను. నేను పిల్లను పిలిపింపలేదు. ఒక్క ప్రశ్నయు అడుగలేదు. కూర్చున్న చోటనే తీర్పు చెప్పితిని: “ఈ కాలపు పిల్లలకు ఓర్పు లేదు. తిరిగి పంపు. పోనన్నచో పెండ్లి చేసి పంపు.” ఆయన నా మాటలో రెండవ సగమును పట్టుకొని సంబంధములు వెదుక నారంభించెను.

ఇరువది దినములకు ఆ పిల్లయే మా యింటికి వచ్చినది. నన్ను నిందించుటకు రాలేదు. తండ్రితో చెప్పి పెండ్లి ఆపించుమని వచ్చినది. అప్పుడడిగితిని, ఏమి జరిగినదని.

మొదటి వారము కాగితములమీద కుట్టించిరట. దారము లేకుండ సూదిని గీతల వెంబడి నడిపించుట, మలుపులు తిప్పుట, మూలలయందు ఆపుట. ఆ మిషను మన యింటి మిషను వంటిది కాదు. కాలు కొంచెము బరువుగా పడిన చాలు, నిమిషమునకు వేలకొలది కుట్లు వేయును. కావున కాలికి ముందుగా నెమ్మది నేర్పుదురు. ఆ వారము పిల్ల బాగుగనే చేసినది. రెండవ వారము బట్ట ఇచ్చిరి. ఆ వారముననే నాయనమ్మ నూతికడ జారిపడినదని కబురు వచ్చినది. లోపలికి ఫోను తీసికొనిపోరాదు. ఉదయము విన్న కబురు తరువాత సాయంకాలమువరకు ఏమియు తెలియదు. చేయి బట్టమీద, మనస్సు నూతికడ. కుట్టు వంకర పోయినది. నేర్పువాడు ఆ ముక్కను పైకెత్తి హాలునంతకును చూపెనట. నలుబదిమంది నవ్విరట.

అటుపిమ్మట ఆ పిల్ల చేసిన పని వినుడు. తప్పిన ముక్కలను ఎవరికిని చూపక తన కూర్చుండు పీటక్రింద దాచినది. ఎక్కడ తప్పుచున్నదో అడుగలేదు. అడుగనందున తప్పు తీరలేదు. పన్నెండవనాడు సూది వ్రేలిలో దిగినది. చున్నీ కొంగు చుట్టుకొని, చెప్పక, అట్లే కుట్టినది. “సూది దిగిందంటే మళ్లీ అందర్లో నిలబెడతారని, మేస్టారూ. మిషనంటే నాకు బయం లేదు. ఆ మనిషంటేనే బయం” అని చెప్పి వ్రేలు చూపినది. గోరు ఇంకను నల్లగానే యుండెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ నేర్పువాని మీది కోపముచేత కాదు. నా తరగతిలో పలకమీది తప్పును అరచేతితో తుడిచివేసి, వ్రాయలేదని చెప్పి దెబ్బలు తిన్న పిల్లలు వరుసగా కనబడిరి. తప్పు చూపిన దెబ్బలు, చూపకున్న దెబ్బలు అయినప్పుడు, చూపకుండుటయే లాభమని పసివానికిని తెలియును. నేను బెత్తము పట్టినవాడనే. బెత్తమువలన పద్యములు వచ్చినవని గర్వించినవాడనే.

ఈ సంగతిని గూర్చి పాశ్చాత్యులు 1908లోనే ఒక పరీక్ష చేసిరి. యెర్క్స్, డాడ్సన్ అను ఇద్దరు అమెరికా పండితులు చుంచులకు రెండు పెట్టెలు చూపి, తప్పు పెట్టెలోనికి పోయిన విద్యుత్తుతో చురుక్కుమనిపించిరి. పెట్టెల భేదము సులభముగా కనబడునప్పుడు గట్టి చురకకు త్వరగా నేర్చుకొన్నవి. భేదము సూక్ష్మమైనప్పుడు గట్టి చురక చెరుపే చేసినది. అల్పమైన చురకతోనే బాగుగా నేర్చినవి. మనుష్యుడు చుంచెలుక కాడు, నిజమే. అయినను ఎక్కములకు పనికివచ్చిన నా బెత్తము సంధులకు ఏల పనికిరాలేదో ఇది చదివినప్పుడు నాకు కొంత తోచినది.

భయము రెండు విధములు. పనిలోని ప్రమాదమును గూర్చిన భయమొకటి. నేర్పు మనిషిని గూర్చిన భయమొకటి. మొదటిది కన్ను తెరిపించును. మరుగుచున్న పెనముకడ కుర్రవానికి ఆ భయము లేకున్న వానిని అచ్చట నుండనీయరాదు. రెండవది నోరు మూయించును. 2024 ఆగస్టు 21వ తేదీన అచ్యుతాపురము మండలిలోని యొక మందుల కర్మాగారమున ప్రేలుడు సంభవించి 17మంది మృతినొందిరి. ఆ దుర్ఘటనకు కారణములు వేరు. దానిని శిక్షణకు ముడిపెట్టుట నా యుద్దేశము కాదు. నేను చెప్పునది దాని తరువాతి మాట. ఆ దినమునుండి మన తల్లులకు మొదటి భయము పట్టినది. అది న్యాయమైన భయము. అట్టి తావులలో క్రొత్తవాడు, ‘అయ్యా, ఈ కవాటము ఎటు త్రిప్పవలెనో నాకు తెలియలేదు’ అని నోరు తెరచి అడుగగలుగుట ఎంత అవసరమో ఆలోచింపుడు. తెలియనిది దాచుకొనువాడు బట్టల మిషనుకడ వ్రేలు పోగొట్టుకొనును. ఆవిరి గొట్టముకడ వాడొక్కడే పోడు.

నేర్పువారి పక్షపాతము మరియొకటి. ఇది క్రొత్తది కాదు. మహాభారతము ఆదిపర్వమున ద్రోణాచార్యుల నీళ్ల కథ మీరందరు వినియుందురు. శిష్యులకు ఇరుకుమూతి కమండలములిచ్చి, కొడుకైన అశ్వత్థామకు వెడల్పుమూతి కుండ నిచ్చెను. కుండ త్వరగా నిండును గనుక కొడుకు ముందుగా వచ్చును. తక్కినవారు వచ్చులోపల వానికి నాలుగు రహస్యములు చెప్పవచ్చును. అర్జునుడు వారుణాస్త్రముతో కమండలమును నింపుకొని తానును ముందే రాసాగెను. అందరును అర్జునులు కారు. నేటి కర్మాగారములయందును తనవూరివానికి, తనకులమువానికి, తనభాషవానికి వెడల్పుమూతి కుండ నిచ్చు మేస్త్రీలు లేకపోలేదు. క్రొత్తగా చేరిన పిల్లకు ఆ కుండల భేదము మొదటి దినముననే తెలియును. పైవారికి సంవత్సరమైనను తెలియదు.

ఇతర దేశములవారు ఈ విషయమై కొంత పాటుపడిరి. అమెరికాలో చికాగో చెంత హాథార్న్ అనుచోట టెలిఫోను సామగ్రి చేయు వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీవారి పెద్ద కర్మాగారముండెడిది. 1927లో కొందరు పనివారలగు యువతులను ప్రత్యేకముగా ఒక గదిలో కూర్చుండబెట్టి, విరామములిచ్చి, పనిగంటలు మార్చి చూచిరి. పని పెరిగినది. ఇచ్చిన సౌకర్యములను ఉపసంహరించినప్పుడును అంతగా తగ్గలేదు. తమ్ము నొకరు గమనించుచున్నారు, తమ మాట వినుచున్నారు అను భావమే దీనికి కారణమని కొందరనిరి. కూలి లెక్కకట్టు పద్ధతియు మారినది గదా యని మరికొందరు నేటికిని వాదించుచున్నారు. మాట్లాడుట ఎక్కువయైనదని ఆ గదిలోని ఇద్దరు యువతులను 1928లో మార్చివేసిరి కూడ. కావున అది స్వర్గమేమియు కాదు. నాకు నచ్చిన భాగము వేరొకటి. అదే కర్మాగారమున 1928 మొదలు 1930 వరకు 20 వేలకు పైగా పనివారిని ఒక్కొక్కరిని కూర్చుండబెట్టి మాట్లాడించిరి. మొదట వ్రాసికొనిన ప్రశ్నలు అడిగిరి. జవాబులు ప్రశ్నలను దాటి పోవుచుండుటచే ప్రశ్నలు మాని వినుట నేర్చుకొనిరి. మిషనుమీద చెప్పిన ఫిర్యాదు వెనుక ఇంటిలోని జబ్బో, అప్పో కనబడెడిది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, యంత్రముల మొగమెరుగని లక్షలకొలది జనమునకు త్వరితముగా పని నేర్పవలసి వచ్చి, 1940లో అమెరికా ప్రభుత్వము మేస్త్రీలకే శిక్షణ ఇచ్చు ఏర్పాటు చేసినది. పదిగంటల పాఠము, నాలుగు మెట్లు. మొదటి మెట్టు యంత్రమును చూపుట కాదు; వచ్చినవాని బెదురు తీర్చి, వానికి ఇదివరకు ఏమి తెలియునో అడుగుట. తరువాత పని చేసి చూపుట. ఆ తరువాత వానిచే చేయించి, ఏల చేసెనో వానిచేతనే చెప్పించుట. కడపట ఒంటరిగా వదలి, సందేహము కలిగిన ఎవరినడుగవలెనో పేరు చెప్పి, మాటిమాటికి వచ్చి చూచుట. యుద్ధానంతరము జపానువారు ఈ పద్ధతిని శ్రద్ధగా అనుసరించిరి. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. మనవారు అక్షరాభ్యాసమునాడు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, బెల్లము పెట్టి, బియ్యములో వ్రేలు పట్టి దిద్దించుట మరేమి? ఒడిలో మొదలుపెట్టిన విద్యను మరునాడు బెత్తముకడకు తెచ్చినవారము మేము.

ఇక మనవంతు. కర్మాగారమువారికి చెప్పవలసినవి వారికి చెప్పువారు కలరు. నేను మీతో మాటలాడుచున్నాను. శిక్షణలో నున్న పిల్ల యింటికి వచ్చునప్పటికి ఎనిమిది గంటలు నిలువుననో కూర్చుండియో యుండి వచ్చును. రాగానే మనము అడుగు ప్రశ్న ‘జీతమెప్పుడు పెంచుతారు?’ అనునది. కోడలు శిక్షణకు పోయిన యిండ్లలో వంట ఆలస్యమైనదను మాట గుమ్మములోననే ఎదురగును. ఆ మాట మరునాడు ఆమెతోకూడ బస్సెక్కి కర్మాగారమునకు పోవును. చుట్టపుచావు, అప్పులవాని రాక, పెండ్లిసంబంధము—వీనిని గూర్చి పిల్ల పనికి బయలుదేరు వేళనే చెప్పవలెనా? సాయంకాలము చెప్పిన చెడునా? అట్లని నిజముగా ఆపద వచ్చినప్పుడు దాచుటయు తప్పే. కర్మాగారపు ఆఫీసు ఫోను నెంబరు ఇంటి గోడమీద వ్రాసియుంచుకొన్నచో సగము దిగులు తీరును.

చట్టమునుగూర్చి కొంచెము. అప్రెంటిసుగా చేర్చుకొన్నచో 1961నాటి అప్రెంటిసుల చట్టము ప్రకారము వ్రాతమూలకమైన ఒప్పందముండవలెను. పిల్లవాడు మైనరైనచో సంరక్షకుడు సంతకము చేయవలెను. ఆ సంతకము పెట్టువారు మనమే, చదివి పెట్టవలెను. ఒప్పందములో ప్రత్యేకముగా వ్రాయనిచో, శిక్షణ ముగిసినవెంటనే ఉద్యోగమిచ్చు బాధ్యత యజమానికి లేదు. ఇది తెలియక, ఉద్యోగము దొరకినదని అప్పుచేసి విందుచేసిన యిండ్లను నేనెరుగుదును. ఆడపిల్లల విషయమున 2013నాటి చట్టము కలదు. పదిమందియో అంతకెక్కువయో పని చేయు ప్రతిచోటను లైంగిక వేధింపుల ఫిర్యాదులు విను కమిటీ యుండవలెను. దానికి స్త్రీయే అధ్యక్షత వహింపవలెను. శిక్షణలో నున్నవారికిని అది వర్తించును. పిల్ల ‘నేను పోను’ అని, కారణము చెప్పక, తల వంచుకొన్నప్పుడు, ఓర్పు లేదని నావలె తీర్పు చెప్పకుడు. ఇంటిలోని ఆడవారిచేత మెల్లగా అడిగింపుడు.

ఆ బాలిక మాట చెప్పవలెను. నేను వెళ్లి తండ్రి కాళ్లు పట్టుకొనలేదు గాని, అంతపని చేసితిని. నేను తప్పు చెప్పితినని ఆయన యింటి ముంగిట పదిమంది వినుచుండగా ఒప్పుకొంటిని. సంబంధము ఆగినది. ఆ సంవత్సరమంతయు పిల్ల యింటనే యుండి నాయనమ్మకు సేవ చేసినది. మాఘమున ఆ ముసలమ్మ పోయినది. తరువాత వేరొక కర్మాగారమున చేరినది. అచ్చట నేర్పునామె మొదటి దినమున మిషను ముట్టనీయలేదట. “ఇంటికాడ ఎవరెవరున్నారమ్మా?” అని యడిగి, తన తొలినాళ్లలో తాను చెడగొట్టిన బట్టల కథ చెప్పి నవ్వించినదట. తప్పిన ముక్కలను వేయుటకు ప్రతి మిషనుప్రక్కను ఒక బుట్ట పెట్టిరట. సాయంకాలము ఆ బుట్టలోని ముక్కలనే పాఠముగా చెప్పుదురట. మొదటి వారము పిల్ల బుట్ట నిండెను. ఇప్పుడామె ఆ లైనులో కాలరు కుట్టును. అది కష్టమైన పని యని చెప్పుదురు. పోయిన యేడాది మాత్రము పోయినదే. దానికి జీతములేని లెక్క నాయందే మిగిలియున్నది.

మొన్న మా వీధి కుర్రవాడొకడు మందుల కర్మాగారపు శిక్షణకు చేరి నాలుగవనాడే తిరిగి వచ్చెను. తల్లి వానిని వెంటబెట్టుకొని అరుగుకడకు వచ్చినది. మజ్జిగ ఇచ్చి కూర్చుండుమంటిని. చాలసేపు వాడేమియు మాటలాడలేదు, నేనును మాటలాడలేదు. తుదకు వాడే చెప్పెను: అచ్చట అన్నియు ఇంగ్లీషులో పొడి యక్షరములుగా చెప్పుచున్నారు, అందరును తలయూపుచున్నారు, తానును ఊపినాడు, ఒక్కటియు తెలియలేదు. రాత్రి పండుకొన్న ఆవిరి చప్పుడు వినబడుచున్నది. అమ్మ గంటకొకసారి ఫోను చేసి ‘బతికే ఉన్నావా’ అని యడుగుచున్నది. తల్లి కొంగు నోటికి అడ్డుపెట్టుకొన్నది.

ఆ పొడి యక్షరములను ఒక కాగితముమీద వ్రాసి తెమ్మంటిని. పదునాలుగు వ్రాసెను. వానిలో మూడు నాకును తెలియవు. ఫార్మా సిటీలో పని చేయు నా పాతశిష్యు నొకనికి ఫోను చేసి ఆ మూడును అడిగితిమి. సోమవారము వాడు మరల పోవుచున్నాడు. పైయధికారిని కలిసి, ‘మొదటి వారము నాకేమియు బోధపడలేదు, మరల చెప్పుడు’ అని యడుగుటకు ఏ మాటలు వాడవలెనో మా యరుగుమీద కూర్చుండి రెండుమారులు అభ్యాసము చేసెను. తల్లి దినమునకు ఒక్కసారియే, రాత్రి భోజనమైన తరువాత ఫోను చేయుటకు ఒప్పుకొన్నది. బస్సు అయిదుంబావుకు. ఆమెకు తోడుగా నేనును రోడ్డువరకు పోవలసియున్నది.